ఒక మార్కు సముద్రం



హిమాలయాలు ఏ సముద్రం ఉన్న చోట ఏర్పడ్డాయి? పోటీ పరీక్షలకు చదివే ప్రతి ఒక్కరికీ ఈ బిట్టు తెలుసు. టెథిస్. ఒక మార్కు. మేమూ ఆ మార్కు తెచ్చుకున్నవాళ్ళమే. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేము. ఉద్యోగం కోసం బిట్లు బట్టీ పట్టేవాళ్ళను తప్పుపట్టే స్థితిలో లేము. కానీ పి.జి.లో భూగర్భశాస్త్రం చదవడం మొదలుపెట్టాక ఒక సంగతి బాధ కలిగించింది. మన హాస్టలు బీరువాలో ఉన్నవన్నీ జవాబుల పుస్తకాలే. ఆ జవాబు మనుషులకు ఎలా దొరికిందో చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు. మన పిల్లలకు ఇది చాలులే అని ఎవరో నిర్ణయించినట్టుంది. దీన్ని మనం ఒప్పుకోకూడదని మా అభిప్రాయం.

టెథిస్ అన్న పేరు పెట్టింది ఆస్ట్రియా దేశపు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూయెస్, 1893లో. అది గ్రీకు పురాణాల్లోని ఒక సముద్ర దేవత పేరు. ఆల్ప్స్ నుంచి హిమాలయాల దాకా కొండరాళ్ళలో సముద్రజీవుల శిలాజాలు ఉన్నాయి కాబట్టి, ఆ పొడవునా ఒకప్పుడు సముద్రం ఉండి ఉండాలని ఆయన తర్కించాడు. దానికి దక్షిణాన ఉన్న పెద్ద భూభాగానికి గోండ్వానా అన్న పేరును ప్రపంచమంతా వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. గోండ్వానా అంటే మధ్య భారతంలోని గోండుల నేల. మన ఆదిలాబాద్ గోండులూ ఆ తెగవారే. 25 కోట్ల ఏళ్ళకు పైబడిన కాలంలో, సింగరేణి బొగ్గుగా మారిన మొక్కలు గోదావరి లోయ చిత్తడిలో పెరిగినప్పుడు మన నేల ఆ గోండ్వానాలో ఒక ముక్క. టెథిస్ దాని ఉత్తరపు ఒడ్డున ఉండేది.

సముద్రం ఎండిపోయి కొండలు లేచాయని చాలామంది అనుకుంటారు. ఎండిపోలేదు. గోండ్వానా చీలిపోయాక, సుమారు 9 కోట్ల ఏళ్ళ క్రితం భారత భూఖండం మడగాస్కర్‌ను కూడా వదిలి ఉత్తరానికి కదిలింది. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు మించిన వేగంతో. ముందున్న సముద్రపు అడుగు ఆసియా కిందికి వంగి భూమి లోపలికి జారిపోయింది. సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రితం రెండు నేలలూ ఢీకొన్నాయి. భూకంప తరంగాల సాయంతో పరిశీలిస్తే, జారిపోయిన ఆ అడుగు ముక్కలు మన దేశం కింద వెయ్యి కిలోమీటర్లకు పైగా లోతున ఉన్నట్టు తెలిసింది. కొద్దిభాగం మాత్రం కిందికి పోకుండా లడఖ్‌లో సింధు నది వెంట పైనే చిక్కుకుపోయింది. కొట్టుకున్న నేల ఇంకా ఆగలేదు. ఇప్పటికీ ఏడాదికి మన గోరు పెరిగినంత, అంటే నాలుగైదు సెంటీమీటర్లు జరుగుతూనే ఉంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో సుమారు తొమ్మిది వేల మందిని బలిగొన్న భూకంపం ఆ ఒత్తిడి వల్లే వచ్చింది.

బిట్టు చెప్పని ముచ్చట ఇంకొకటి. ఎవరెస్టు శిఖరం మీది సున్నపురాయిలో సముద్రజీవుల తునకలు ఉన్నాయి. కానీ ఆ రాయి వయసు దాదాపు 45 కోట్ల ఏళ్ళు. అది టెథిస్ కంటే ముందే ఉన్న సముద్రంలో పేరుకున్న రాయి.

ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్ళు సేకరించి, 1971లో ఒక చిన్న జంతువుకు ఇండోహ్యుస్ అని పేరు పెట్టారు. ఆ రాళ్ళలో చాలావాటిని పగలగొట్టి చూడకుండానే ఆయన కన్నుమూశారు. ఆయన భార్య వాటిని భద్రంగా దాచి, అమెరికాలో పనిచేసే హాన్స్ థెవిసన్‌కు అప్పగించారు. ప్రయోగశాలలో శుభ్రం చేస్తుంటే ఒక పుర్రె పొరపాటున విరిగింది. చెవి ఎముక తిమింగలానికి ఉన్నట్టే ఉంది! కుచించుకుపోతున్న టెథిస్ తీరాన తిరిగిన ఆ జింకలాంటి జంతువు తిమింగలాలకు దగ్గరి బంధువని 2007లో ప్రపంచానికి తెలిసింది. ఏ బిట్ బ్యాంకులో ఉంది ఆ తల్లి చేసిన పని?

ఇదంతా మనకెందుకు అనే తమ్ముళ్ళకు ఒక మాట. మనలో ఎందరి నాన్నలో, అన్నలో గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడి చమురులో ఎక్కువ భాగం టెథిస్ దక్షిణపు ఒడ్డున, లోతు తక్కువ వెచ్చని నీటిలో చనిపోయి అడుగున పేరుకున్న సూక్ష్మజీవుల నుంచి వచ్చిందే. ఇక్కడ బొగ్గు గనికి పోయేది మనవాళ్ళే, అక్కడ ఎండలో నిలబడేదీ మనవాళ్ళే. ఆ నేలల చరిత్ర మాత్రం మన చదువులో ఒక మార్కు.

పూర్వ విద్యార్థుల చందాతో ప్రతి ఏడాదీ జ్ఞాపికలు, శాలువాలు కొంటున్నాం. ఈసారి ఆ డబ్బుతో తెలుగులో వచ్చిన మంచి సైన్సు పుస్తకాలు, ఒక భూగర్భ పటం కొనాలని మా ప్రతిపాదన. తొమ్మిది, పది తరగతుల పిల్లలను ఒక రోజు విశ్వవిద్యాలయంలోని మా రాళ్ళ గదికి తీసుకొస్తే చూపించే పూచీ మాది. క్షేత్ర పర్యటనలో దొరికిన గ్లోసోప్టెరిస్ ఆకు ముద్ర ఉన్న రాయి ఒకటి ఇప్పటికే వార్డెన్ గారికి ఇచ్చాం. దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయకుండా, పిల్లలు చేత్తో పట్టుకుని చూసేలా స్టడీ హాలులో ఉంచమని కోరాం.