ఒక ఏరియల్, మూడు రేడియోలు

కొళాయి ఒకటే అయి బిందెలు మూడైతే ఏమవుతుందో గృహిణులకు నేను చెప్పనక్కరలేదు. ఏరియల్ సంగతీ అంతే.

విశాఖపట్నంలో ఉన్న మా బావమరిది లైసెన్సు పుచ్చుకొన్న హామ్. మేడమీద ఏరియల్ ఒకటి. కింద గదిలో స్కానర్లు మూడు. స్కానర్ అంటే చానళ్లన్నీ వరసగా వెతుక్కుంటూ పోయి, మాట వినిపించిన చోట ఆగే రేడియో. తుఫాను రాత్రి 144–146 మెగాహెర్ట్జుల మధ్య ఏ దూరపు హామ్ గొంతో సన్నగా వస్తే, అది తప్పిపోకూడదని అతని తాపత్రయం.

"ముప్ఫయి డెసిబెళ్ల యాంప్లిఫయర్ కొనేస్తాను, బావగారూ!" అన్నాడు.

"ముందు స్ప్లిటర్ పెట్టి చూడవోయ్" అన్నాను.

స్ప్లిటర్ వచ్చిన సిగ్నల్‌ను పంచిపెడుతుంది. ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి సగం. లెక్కల భాషలో 3 డెసిబెళ్లు తగ్గిందన్నమాట. పరికరం తినేది కూడా కలుపుకుంటే సుమారు మూడున్నర. నాలుగు దారులదైతే సుమారు 7. మూడు రేడియోలకు నాలుగు దారులది తీసుకుని, ఖాళీ దారికి 75 ఓంల టెర్మినేటర్ బిగిస్తే సరి. కేబుల్ టీవీకి వాడే చవకరకం చాలు. స్కానర్ 50 ఓంలదైనా అందువల్ల పోయేది బహు స్వల్పం. తీగలు మెలిపెట్టి కలపడం మాత్రం పనికిరాదు. ఒక రేడియో రొద మరో రేడియోలో దూరుతుంది.

యాంప్లిఫయర్‌కు బియ్యమేదో రాయేదో తెలియదు, రెంటినీ పెంచుతుంది. పొడవాటి కేబుల్ దిగివచ్చి రొదలో మునిగిపోయిన గొంతును కింద ఎంత పెంచినా, రొదే పెరుగుతుంది. అంచేత దాని చోటు మేడమీద, ఏరియల్ పక్కన. కేబుల్‌లోనూ స్ప్లిటర్‌లోనూ పోయేదాన్ని పూడ్చడానికి 15 డెసిబెళ్లు సాధారణంగా చాలు. ముప్ఫయి పెడితే, దగ్గరలోని ఎఫ్.ఎమ్. స్టేషను చెవిలో అరిచినట్టై రేడియో ఉక్కిరిబిక్కిరవుతుంది. అటువంటి చోట 88–108 మెగాహెర్ట్జులను ఆపే ఫిల్టరును యాంప్లిఫయర్‌కు ముందే పెట్టాలి. పైనున్న యాంప్లిఫయర్‌కు కరెంటు కేబుల్‌లోంచే వెళుతుంది కనుక, ఆ కరెంటు అందించే పెట్టెను స్ప్లిటర్‌కు పైన, కేబుల్‌లోనే కలపాలి.

కొనాలా వద్దా అన్నది తేల్చే పరీక్షకు కానీ ఖర్చు లేదు. మీకు కావలసినవాటిలో అన్నిటికన్నా బలహీనమైన స్టేషనును ఏరియల్‌నుంచి నేరుగా వినండి. తరువాత స్ప్లిటర్ ద్వారా వినండి. రెండోసారీ మాట తెలిస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి. మా వాడికి దగ్గరి గొంతులన్నీ నిలిచాయి, దూరపుదొకటి మునిగింది. ఆ ఒక్కదానికోసం చిన్న యాంప్లిఫయర్ మేడెక్కింది.

హామ్‌లకు మరొక మాట. మాట్లాడే సెట్టును ఈ స్ప్లిటర్‌కు ఎన్నడూ తగిలించకండి. ఒక్కసారి మీట నొక్కితే యాంప్లిఫయరూ, పక్కనున్న రేడియోలూ కాలిపోవచ్చు. ఏరియల్ స్తంభానికి ఎర్తు వేయించడం మరవకండి. పిడుగు ముందు ఏ యాంప్లిఫయరూ నిలవదు.