ఈ-రీడర్ కొనాలా? స్పెక్ షీట్ పక్కన పెట్టి ఒక ఫాంటసీ నవల పట్టండి

చేతిలో 120 హెర్ట్జ్ అమోలెడ్ ఫోన్ ఉండగా, పేజీ తిప్పినప్పుడల్లా ఓసారి మిణుకుమనే బ్లాక్ అండ్ వైట్ స్క్రీన్‌కి పదిహేడు వేలు పెట్టాలా? ఈ-రీడర్ మాట ఎత్తగానే ఆఫీసులో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్నే. స్పెక్ షీట్ మీద పోటీ పెడితే ఈ-రీడర్ ఓడిపోతుంది. కిండిల్ పేపర్‌వైట్ 12వ తరం మన దేశంలో 16,999 రూపాయలకు లాంచ్ అయింది. 7 అంగుళాల తెర, 300 పీపీఐ, 16 జీబీ స్టోరేజ్. కెమెరా లేదు, రంగులు లేవు, రీల్స్ రావు. ఆ డబ్బుకి చక్కటి 5జీ ఫోన్ వచ్చేస్తుంది.

నా వాదన ఏంటంటే, మనం డబ్బు కట్టేదే ఆ లేనివాటికి. కాకపోతే ఈ విషయం స్టోర్‌లో ఐదు నిమిషాలు పట్టుకు చూస్తే తెలియదు. కొత్త లోకాన్ని మొదటి పేజీ నుంచి ఇటుక ఇటుకగా కట్టుకుంటూ పోయే ఫాంటసీ నవల ఒకటి చదివితే తెలుస్తుంది.

నేను చదివింది రాబర్ట్ జాక్సన్ బెన్నెట్ రాసిన ‘ద టెయింటెడ్ కప్’. 2024లో వచ్చింది, 2025లో ఉత్తమ నవలగా హ్యూగో అవార్డు కొట్టింది. పైకి ఫాంటసీ, లోపల పక్కా డిటెక్టివ్ కథ. ఒక పెద్దమనిషి భవంతిలో ఒక అధికారి శవం. చంపింది కత్తి కాదు, విషం కాదు. ఆయన ఒంట్లోంచి ఓ చెట్టు మొలుచుకొచ్చింది! ఈ సామ్రాజ్యంలో ఏటా వానాకాలం వస్తే సముద్రంలోంచి కొండంత జంతువులు ఒడ్డుకొస్తాయి. వాటిని ఆపడానికి గోడలు కట్టి, ఆ గోడల్ని నిలబెట్టడానికే రాజ్యం మొత్తం పనిచేస్తుంటుంది. కత్తి తిప్పే రాకుమారుడు ఇక్కడ హీరో కాదు. గోడ కూలకుండా చూసుకునే ఇంజినీర్లు, ఫైళ్లు రాసే గుమాస్తాలు హీరోలు. ప్రొడక్షన్ సపోర్ట్‌లో నైట్ షిఫ్ట్ చేసినవాళ్లకి ఈ పుస్తకం ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కేసు చూసే ఆఫీసర్ పేరు ఆనా డొలాబ్రా. ఎక్కువ దృశ్యాలు, శబ్దాలు ఒకేసారి మీద పడితే ఆవిడ బుర్ర తట్టుకోలేదు. అందుకే కళ్లకు గంతలు కట్టుకుని కూర్చుంటుంది. అచ్చేసిన అక్షరాల్ని కూడా వేలి కొసలతో తడిమి చదువుతుంది. బయట తిరిగి చూసొచ్చే పని ఆమె అసిస్టెంట్ డిన్‌ది. అతనికి చూసిన ప్రతిదీ గుర్తుండిపోయేలా శరీరాన్ని మార్చారు. ఒక్కో జ్ఞాపకాన్ని ఒక్కో వాసనకి ముడిపెట్టి, కావాల్సినప్పుడు ఆ సీసా వాసన చూసి బయటికి లాగుతాడు. మనుషుల్లో ఇంత మంచి ఇండెక్సింగ్ నేనెక్కడా చూడలేదు.

మనం డిన్‌లం కాదు కదా. మొదటి యాభై పేజీల్లోనే కొత్త పదవులు, కొత్త మొక్కలు, కొత్త పట్టణాల పేర్లు గుట్టగా వచ్చి పడతాయి. వాటిని తలలో మోస్తూ ఉండగా పైనుంచి ఒక ఓటీపీ, ఒక ఫ్యామిలీ గ్రూప్ గుడ్ మార్నింగ్, ఒక ‘మీ ఆర్డర్ బయల్దేరింది’ దిగితే మోస్తున్నదంతా కింద పడిపోతుంది. నాగోల్ నుంచి రాయదుర్గం వరకు మెట్రోలో ఇంచుమించు గంట. ఫోన్‌లో అయితే ఆ గంటలో నాలుగు పేజీలు కూడా సాగేవి కావు. ఈ-రీడర్‌లో రెండేసి చాప్టర్లు అయిపోయేవి. ఆనా గారి గంతలు నేను మెట్రోలో కట్టుకున్నానన్నమాట.

కంటి సుఖం సంగతి కూడా చెప్పాలి. ఈ-ఇంక్ తెరలో కంటికి ఆనని క్యాప్సూల్స్ ఉంటాయి. వాటిలో తెల్ల కణాలకు ఒక చార్జ్, నల్ల కణాలకు దానికి వ్యతిరేకమైన చార్జ్. కరెంటు ఇస్తే ఏదో ఒకటి పైకి తేలుతుంది, తీసేసినా అక్కడే ఉంటుంది. అందుకే పేజీ మారేటప్పుడు తప్ప తెరకి పవర్ అవసరం లేదు. లైటు కూడా వెనకనుంచి మన కళ్లలోకి కొట్టదు, అంచుల నుంచి తెర మీద పడుతుంది. మధ్యాహ్నం ఎండలో ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి అవస్థ పడే చోట ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అయితే ‘12 వారాల బ్యాటరీ’ అనే మాటని కొంచెం లెక్కేసి చూడండి. అది రోజుకి అరగంట చొప్పున, వైర్‌లెస్ ఆఫ్ చేసి, లైట్ 13 దగ్గర పెట్టి చదివితే. అంటే మొత్తం 42 గంటలు. బాగానే ఉంది కానీ, అద్భుతమేమీ కాదు.

డిటెక్టివ్ కథకి ఇంకో లాభం, సెర్చ్. ‘ఈ మనిషి ముందెక్కడ కనిపించాడబ్బా?’ అనిపిస్తే పేరు కొడితే చాలు, వచ్చిన ప్రతి చోటూ వరసగా చూపిస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు డిక్షనరీ ఇంకా పెద్ద అండ. పదం మీద వేలు నొక్కి పడితే అర్థం వచ్చేస్తుంది. ఫోన్ యాప్‌లోనూ ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ ఫోన్‌లో అర్థం చూడ్డానికి వెళ్లినవాడు ఇన్‌స్టాలో తేలతాడు. ఇక్కడ తేలడానికి వేరే చోటు లేదు. వెనక్కి పది పేజీలు తిరగేయడం మాత్రం ఇప్పటికీ కాగితం పుస్తకంలోనే హాయి. కలర్ ఈ-ఇంక్ మోడల్స్ జోలికి నవలల కోసం వెళ్లకండి. కలీడో 3 తెరలో రంగులొచ్చేది 150 పీపీఐలోనే, పైగా ఫిల్టర్ వల్ల తెలుపు కాస్త మాసినట్టుంటుంది. బడ్జెట్ తక్కువైతే 2021 నాటి పేపర్‌వైట్ సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. 6.8 అంగుళాలు, అదే 300 పీపీఐ, టైప్-సీ కూడా ఉంది.

ఇక నాకు నిజంగా మండే విషయం. 2016 చివర్లో కిండిల్ స్టోర్‌కి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ ఐదింట్లో తెలుగు లేదు. మా అమ్మకి యద్దనపూడి నవలలంటే ప్రాణం, ఇప్పుడు చిన్న అక్షరాలు ఆనడం లేదు. అక్షరాన్ని కావాల్సినంత పెద్దది చేసుకునే ఈ డబ్బా అసలు అవసరం ఆమెకి, నాకు కాదు. కానీ నా చేతికి దొరికిన పాత తెలుగు పుస్తకాలన్నీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. అందులో పేజీ ఒక ఫొటో. అక్షరం పెంచితే పేజీ పక్కకి జారిపోతుంది, పెంచకపోతే ఒత్తులన్నీ చీమల బారులా కనిపిస్తాయి. ఎవరో ఊహించిన సామ్రాజ్యంలోని మొక్కల పేర్లు నేను హాయిగా చదువుకుంటున్నా. ఆమె మాత్రం భూతద్దం పట్టుకుని అదే పాత అట్ట చిరిగిన కాపీ చదువుతోంది. యూనికోడ్‌లో టైప్ చేసిన మంచి ఈపబ్ ఫైల్ ఇస్తే డబ్బు కట్టడానికి నాలాంటి వాళ్లం సిద్ధంగా ఉన్నాం. పబ్లిషర్లు ఎవరైనా ఇది చదువుతుంటే కాస్త ఆలోచించండి.

కొనేముందు ఇంకొకటి తెలుసుకోండి. 2025 ఫిబ్రవరి 26 నుంచి కిండిల్ పుస్తకాల్ని అమెజాన్ సైట్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించుకునే ఆప్షన్ తీసేశారు. మనం కొనేది పుస్తకం కాదు, చదువుకునే లైసెన్స్. దాచుకోవాలనిపించే పుస్తకాన్ని కాగితంలో కొనడమే నా పద్ధతి. ‘ద టెయింటెడ్ కప్’ అలాగే అరలోకి వచ్చింది. దాని రెండో భాగం ‘ఎ డ్రాప్ ఆఫ్ కరప్షన్’ ఇప్పుడు 23 శాతం దగ్గరుంది. హంతకుడెవరో తెలిసినవాళ్లు దయచేసి నాకు చెప్పకండి.