చిన్నారి చేతులకు తాళం నేర్పుదాం

ఆరాధనలో పిల్లల చప్పట్లు తాళం తప్పితే మనం కన్నెర్ర చేస్తాం. చేతులు కట్టుకుని కూర్చోమంటాం. తాళం వేసే పనిని కీబోర్డు మీటకు అప్పగించి నిశ్చింతగా ఉంటాం. ఇది సరైన పెంపకమేనా?

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటలపైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. మన పెద్దలు వాటిని అలంకారానికి అచ్చు వేయించలేదు. ఆదితాళాన్నే తీసుకోండి. ఒక దెబ్బ, చిటికెనవేలు మొదలుకొని మూడు వేళ్ల లెక్క. ఆపైన దెబ్బ వేసి చేయి తిప్పడం, రెండుసార్లు. మొత్తం 8 లెక్కలు. చిన్నపిల్లలు ఆడుతూ నేర్చుకోగలరు.

136వ కీర్తనలో 26 వచనాలున్నాయి. ప్రతి వచనం చివరా ఒకే పల్లవి. సండేస్కూలు టీచరు మొదటి సగం చదివితే, పిల్లలు చప్పట్లతో పల్లవి అందుకోవాలి. సృష్టి మొదలు అరణ్యయాత్ర దాకా దేవుని కార్యాల వరుస వారి మనసుకు పడుతుంది.

దావీదు 288 మంది గాయకులకు వంతులు ఏర్పరచినప్పుడు పిన్న పెద్ద, గురువు శిష్యుడు అనే తేడా లేకుండా చీట్లు వేశారు (1 దినవృత్తాంతములు 25). దేవాలయంలో పిల్లల కేకలు విని ప్రధాన యాజకులు కోపపడితే, ప్రభువు పిల్లల పక్షాన నిలిచాడు (మత్తయి 21:15, 16). మరి మనం ఎవరి పక్షం?

వచ్చే ఆదివారం ఒక్క పాటకు కీబోర్డు ఆపుదాం. తాళం పిల్లలకు అప్పగిద్దాం. తప్పితే తప్పనిద్దాం. ఆరాధనలో తనకూ ఒక పని ఉందని తెలుసుకున్న బిడ్డ సంఘాన్ని తన ఇల్లుగా ఎంచుకుంటాడు.