పలక అందం కాదు... అల తీరు చూడండి!

దోసెల పెనం మీద గుంతపొంగనాలు వస్తాయా? రావు గదా! పెనం మంచిదే, పిండీ మంచిదే, చేసే చెయ్యీ మంచిదే. అయినా రావు. వంటకానికి తగ్గ పాత్ర కాదు కాబట్టి. ఈ వారం మనం మాట్లాడుకునేది వంటింటి సంగతి కాదు, సముద్రం సంగతి. సూత్రం మాత్రం అదే!

"మన పేజీల్లోకి సముద్రం ఎందుకొచ్చిందమ్మా?" అంటారేమో. ఈ మధ్య మన ఆడపిల్లలు కూడా సర్ఫింగ్ నేర్చుకుంటామంటున్నారు. అదే, పలక మీద నిలబడి అలల మీద స్వారీ చేసే ఆట. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో దానికి మొదటిసారి చోటు దొరికింది. 2025 ఆగస్టులో ఆసియా పోటీలు మహాబలిపురంలోనే జరిగాయి. రేపు మీ అమ్మాయి కూడా "అమ్మా, బోర్డు కొనుక్కుంటానే" అని అడగవచ్చు. వద్దనడం తేలిక. తెలుసుకుని సలహా చెప్పడం మంచిది.

మా దొరవారిసత్రంలో సముద్రపు హోరు వినపడదు. మాకు తూర్పున ప్రళయకావేరి... అదేనండీ, పులికాట్ సరస్సు. దాని అవతల శ్రీహరికోట దీవి, అది దాటాకే సముద్రం. అలాంటి మా ఇంటి వరండాలోకి ఒకరోజు సర్ఫింగ్ బోర్డు వచ్చి చేరింది! చెన్నైలో ఉద్యోగం చేసే మా మరిది కూతురు తెచ్చింది. జీతంలో మిగిల్చిన డబ్బుతో ఎవరి దగ్గరో పాతది కొన్నదట. ఆరడుగుల పొడవు, బాణంలాంటి మొన, తమలపాకులాంటి అంచులు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో!

కానీ పిల్ల ముఖంలో కళ లేదు. కనుబొమ్మ పైన దెబ్బ. "నాలుగు ఆదివారాలు పోయాను పెద్దమ్మా. ఒక్కసారి కూడా నిలబడలేకపోయా. నావల్ల కాదులే. ఇది ఆడోళ్ళ పని కాదేమో" అంది. ఇంట్లో వాళ్ళు "మేము ముందే చెప్పాం గదా" అని అందుకున్నారు. నాకు మనసు చివుక్కుమంది.

అప్పుడే మా వీధికి చేపలు తెచ్చే ఆమె గంప దించుతూ ఆ బోర్డు చూసింది. "ఏందమ్మా ఇది, ఇంత సన్నంగా ఉంటే మనిషిని ఎట్టా మోస్తది? సరస్సులో గెడేసి తోసుకునే పడవ వేరు, సముద్రంలో అలకి ఎదురుపొయ్యే తెప్ప వేరు. నీళ్ళని బట్టి గదమ్మా కొయ్య!" అనేసి, చేపలు తూచి వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాటలో పాఠమంతా ఉంది, చూడండి. ప్రళయకావేరిలో చాలాచోట్ల నీళ్ళు నడుం లోతు కూడా ఉండవు. అందుకే అక్కడి పడవ అడుగు చదునుగా ఉంటుంది. సముద్రం ఒడ్డున అల విరిగిపడుతుంది. అక్కడికి తెప్ప కావాలి. దుంగల్ని తాళ్ళతో కట్టి, ముందు కొసను కాస్త పైకి లేపుతారు. అల మీద పడినా నీళ్ళు దుంగల సందుల్లోంచి జారిపోతాయి, తెప్ప మునగదు. తమిళులు దీన్ని కట్టుమరం అంటారు. ఇంగ్లీషువాళ్ళ కటమరాన్ ఆ మాటలోంచి పుట్టిందే. 2004 సునామీ తరువాత ఫైబర్ పడవలు ఎక్కువైనా ఆ తెలివి మాత్రం పాతబడలేదు.

సర్ఫింగ్ పుట్టిల్లయిన హవాయి దీవుల్లోనూ ఇదే కథ. పూర్వం అక్కడ దొరలకు 'ఓలో' అనే చాలా పొడవైన, తేలికైన కొయ్య పలక ఉండేది. అది విరగకుండా నెమ్మదిగా వచ్చే అలకు. 'అలాయా' అనే పొట్టి, పలుచని పలక ఒడ్డు దగ్గర నిటారుగా లేచి విరిగే అలకు. అన్నట్టు, అక్కడ ఆడవాళ్ళు కూడా మగవాళ్ళతో సమానంగా అలలెక్కేవారు. ఆడోళ్ళ పని కాదని ఎవరన్నా అంటే ఈ మాట చెప్పండి!

ఇప్పుడు బజార్లో దొరికే రకాలు చూద్దాం.

పొడుగు బోర్డు: తొమ్మిది అడుగులు, ఆపైన. గుండ్రని మూతి, మంచి వెడల్పు. చిన్న అలకు, మెల్లగా విరిగే అలకు ఇదే తగినది. అల కొద్దిగా తోసినా ముందుకు సాగుతుంది.

మెత్త బోర్డు: పైన స్పాంజిలాంటి పొర, ఎనిమిదడుగుల పైచిలుకు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు దీన్ని మించింది లేదు. తగిలినా దెబ్బ తక్కువ.

చేప బోర్డు: పొట్టిగా, వెడల్పుగా, తోక రెండుగా చీలి ఉంటుంది. బలం లేని అల మీద కూడా వేగంగా పోతుంది. అయితే నిలబడడం వచ్చినవాళ్ళకే.

పొట్టి బోర్డు: ఆరడుగులకు అటూ ఇటూ. సన్నని మొన, ముందూ వెనకా పైకి వంపు. అల గోడలా నిటారుగా లేచినప్పుడు ఆ వంపు వల్ల మొన నీళ్ళలో గుచ్చుకోదు, చురుగ్గా తిరుగుతుంది. అదే చిన్న అల మీద ఆ వంపే నీటిని అడ్డగించి నిలిపేస్తుంది. మా పిల్ల కొన్నది ఇదే!

గన్ బోర్డు: పొడవుగా, సన్నగా, తోక సూదిగా ఉంటుంది. కొండంత అలలకు. మనకు అక్కర్లేదు.

ఇక అడుగున ఉండే రెక్కలు. పొడుగు బోర్డుకు సాధారణంగా ఒక పెద్ద రెక్క, నేరుగా సాగడానికి. పొట్టివాటికి మూడు, నిటారు అలమీద పట్టు జారకుండా. ఈ మూడు రెక్కల పద్ధతిని ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ ఆండర్సన్ 1980, 81 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చాడు.

కొనేముందు ఇవి గుర్తుంచుకోండి:

* బోర్డు ఎంత తేలుతుందో లీటర్లలో చెబుతారు. నేర్చుకునే అమ్మాయి యాభై అయిదు కిలోలుంటే బోర్డు కనీసం యాభై అయిదు లీటర్లు ఉండాలి. ఎక్కువైతే ఇంకా మంచిది.

* మొదట్లోనే కొనకండి. నేర్పేచోట నాలుగైదుసార్లు అద్దెకు తీసుకుని చూడాలి. ఏ అల మీద ఎక్కువగా ఆడతారో తెలిశాకే కొనాలి.

* పొద్దున పూట గాలి తక్కువ, నీళ్ళు నున్నగా ఉంటాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే అల చెదిరిపోతుంది.

* అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుఫాన్ల కాలం. ఏ బోర్డయినా ఇంట్లోనే ఉండాలి.

* ఈత రాకుండా నీళ్ళలో దిగకూడదు, ఒంటరిగా అసలే కూడదు. నీటి పాయ లోపలికి లాగితే దానికి ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. బోర్డును కాలికి కట్టే తాడు మరువకూడదు.

* ఆట అయ్యాక మంచినీళ్ళతో కడిగి నీడలో పెట్టాలి. ఎండలోనో, మూసిన కారులోనో ఉంచితే పై పొర ఉబ్బి ఊడిపోతుంది.

ఇంతకీ మా పిల్ల ఏం చేసిందంటారా? ఆ బోర్డు అమ్మేసింది. ఈసారి నేర్పేవాళ్ళ దగ్గర తొమ్మిదడుగుల మెత్త బోర్డు అద్దెకు తీసుకుంది. రెండో ఆదివారం ఫోను చేసి, "పెద్దమ్మా, లేచి నిలబడ్డా! అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపు!" అని అరిచింది. అల అదే, పిల్లా అదే. మారింది పలక ఒక్కటే.

మన ఆడపిల్లలు "నాకు రాదు" అని ఏదైనా పక్కన పెట్టేస్తుంటే వెంటనే సరేననకండి. కుట్టుమిషనైనా, స్కూటరైనా, సర్ఫింగ్ బోర్డైనా సరే, చేతిలో ఉన్నది వాళ్ళకు తగినదేనా అని ఒక్కసారి చూడండి. చాలాసార్లు లోపం పిల్లలో ఉండదు, పనిముట్టులో ఉంటుంది.