ముప్పది దినములు

మనవారిలో ఎవరికైనను కోర్టులో శిక్ష పడగానే ఆ యింటివారు మొదట చేయు పని వీధి తలుపు మూసికొనుట. తరతరములుగా ఈ హోసూరు ప్రాంతమున పరువుతో బ్రతికిన కుటుంబములకు అది సహజమే. కాని తలుపు మూసికొని కూర్చున్న దినములను కూడ చట్టము లెక్క వేయునని మనవారు మరచుచున్నారు.

మేజిస్ట్రేటు విధించిన శిక్షపై సెషన్సు కోర్టుకు అప్పీలు చేయుటకు 1963 నాటి లిమిటేషను చట్టము ఇచ్చిన గడువు 30 దినములు. సెషన్సు కోర్టు విధించిన శిక్షపై హైకోర్టుకు 60 దినములు. మరణశిక్ష అయినచో 30 దినములే. తీర్పు నకలుకు దరఖాస్తు పెట్టిన నాటినుండి నకలు సిద్ధమగువరకు పట్టిన కాలము ఇందులో చేరదు. దరఖాస్తు పెట్టక ఊరకున్న దినములు మాత్రము చేరును. హుండీ గడువు ఎరిగిన వర్తకులకు ఇది విప్పి చెప్పనక్కరలేదు.

గత సంవత్సరము మా యంగడికి సరకు తెచ్చు డ్రైవరు కుర్రవానికి ప్రమాదము కేసులో ఆరు నెలల శిక్ష పడెను. అంతవరకు అతడు జామీనుపై నుండెను. అట్టివాడు, శిక్ష మూడేండ్లకు మించనిచో, అప్పీలు చేసికొందునని అక్కడికక్కడే తెలిపినయెడల, ప్రత్యేక కారణములుంటే తప్ప, ఆ కోర్టే అప్పీలు దాఖలుకు చాలినంత కాలము జామీనుపై విడువవలయును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 430వ సెక్షను చెప్పునది ఇదే. పాత కోడులోను ఇది యుండెను. ఆనాడు నోరు తెరచి అడిగినవారు లేరు. కుర్రవాడు జైలుకు పోయెను.

తీర్పు తమిళములో నుండెను. తండ్రి తమిళము ధారాళముగా మాటలాడును గాని చదువనేరడు. ఆ కాగితమును దేవుని పటము వెనుక దాచి, వకీలు అన్నియు చూచుకొనునని నమ్మియుండెను. వకీలేమో అప్పీలు వేయుమని తనకెవరును చెప్పలేదనెను. తండ్రి మాయొద్దకు వచ్చునప్పటికి 34వ దినము. ఆలస్యమునకు తగిన కారణము చూపినచో కోర్టు మన్నింపవచ్చును, మన్నించినది కూడ. కాని అది దయ, హక్కు కాదు. శిక్ష అమలు నిలిచి కుర్రవాడు ఇల్లు చేరుసరికి 50 దినములు జైలులో గడచినవి.

జైలు శిక్ష పడినవానికి తీర్పు నకలు వెంటనే ఉచితముగా ఇయ్యవలెనని 404వ సెక్షను చెప్పుచున్నది. అతడు కోరినచో, సాధ్యమైనంతవరకు అతని స్వభాషలో అనువాదమును ఇయ్యవలయును. అప్పీలుకు వీలున్న తీర్పయినచో దానికి రుసుము లేదు. ఈ వాక్యము మనకొరకే వ్రాసినట్లున్నది. అయినను దీనిని కోరినవారిని మేమింతవరకు చూడలేదు. ఇన్ని తరములు ఇక్కడ బ్రతికి ఇంకను తెలుగు కాగితము అడిగినచో పొరుగువారు నవ్వరా యని కొందరు పెద్దలు మమ్ము మందలించిరి. స్థానిక భాష నేర్వవలెననుటలో మాకు భేదము లేదు. మా పిల్లలును తమిళములోనే చదువుకొనిరి. కాని కొడుకును జైలుకు పంపిన కారణము తండ్రికి తెలియుట వేరు సంగతి. అయితే అనువాదమునకై వేచి గడువు పోగొట్టుకొనరాదు. కోర్టు ఇచ్చిన నకలుతోనే అప్పీలు వేయవలయును.

నకలు అందకపోవుట ఎంత చేటో మహారాష్ట్రలోని హోస్కోట్ కేసు చూపినది. హైకోర్టు తీర్పు నకలు జైలుకు పంపితిమని ప్రభుత్వమువారు, తనకు చేరలేదని ఖైదీ. నాలుగేండ్లకు పైగా గడచిన పిదప అతడు సుప్రీంకోర్టు మెట్లెక్కెను. అతని శిక్ష మారలేదు. కాని 1978లో జస్టిస్ కృష్ణయ్యరు వ్రాసిన ఆ తీర్పు, ఖైదీకి నకలు సకాలమున అందవలెననియు, వకీలును పెట్టుకొనలేనివానికి ప్రభుత్వమే వకీలును సమకూర్చవలెననియు నిర్ణయించెను. జైలులోనున్నవారికి 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఉచిత వకీలు హక్కుగా లభించును. అప్పీలు కాగితమును జైలు అధికారి చేతికే ఇయ్యవచ్చును; దానిని కోర్టుకు పంపుట ఆయన విధి.

నేరము ఒప్పుకొని జరిమానా కట్టి పొమ్మను సలహాదారులు మన బజారులో చాలమంది కలరు. ఒప్పుకొన్నవానికి శిక్ష ఎక్కువయినదనియో, చట్టసమ్మతము కాదనియో చెప్పుకొను దారి తప్ప మరియొకటి మిగులదు.

ఆ కుర్రవాని తీర్పును మా గుమాస్తా తెలుగులో చదివి వినిపించుచుండగా, బండి వేగమునుగూర్చి ఒక సాక్షి చెప్పిన మాటవద్ద తండ్రి ఆపి, "అయ్యా, ఆ మనిషి నిలిచిన చోటినుండి మలుపు కనపడదు గదా" యనెను. ఆ మాట ఇప్పుడు అప్పీలు కాగితములలో నున్నది. విచారణ ఇంకను జరుగవలసియున్నది.