నెగటివ్‌లు పారేయకండి

మా పద్మారావు నగర్‌లో పాత ఇళ్లు ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కు వెళ్తున్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది ఇత్తడి సామాను పంచుకుంటారు, ఆల్బమ్‌లు కారులో పెట్టుకుంటారు. నెగటివ్‌ల కవర్లు మాత్రం చెత్తబండి ఎక్కుతాయి. ఫొటోలు ఉన్నాయి కదా, ఇవెందుకంటారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది. స్టూడియోలో ప్రింటు వేసేటప్పుడు అంచులు పోతాయి, వెలుగునీడలు కుంచించుకుపోతాయి. కాగితం మీద తెల్లగా అలుక్కుపోయిన మధుపర్కాల మడతలు నెగటివ్‌లో విడివిడిగా ఉంటాయి.

సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజుపలకల నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆరో నిజాం కాలాన్ని ఇవాళ అంత వివరంగా చూడగలుగుతున్నామంటే అందుకే. మన నాన్నలు తీసిన రీళ్ల కోసం ఏ సంస్థా రాదు. మనమే స్కాన్ చేసుకోవాలి.

చుట్టుపక్కలవాళ్ల నెగటివ్‌లు చేసిపెడుతూ ఉంటాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను: మొదటి స్కాన్‌లో అందం చూడొద్దు. ఫిల్మ్‌లో ఉన్నదంతా ఫైల్లోకి రానివ్వండి. ఆటో కరెక్షన్, షార్ప్‌నెస్ ఆపేయండి. 16 బిట్ టిఫ్‌గా దాచండి. 8 బిట్ జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, తర్వాత నీడల్లోంచి ముఖాన్ని పైకి తెద్దామన్నా రాదు. వాట్సాప్‌లో పంపే జేపెగ్‌ను ఆ టిఫ్ నుంచి వేరే కాపీగా చేసుకోవచ్చు.

కాగితాల స్కానర్ దీనికి పనికిరాదు. ఫిల్మ్ వెనక నుంచి వెలుగు రావాలి, అంటే ఎప్సన్ వీ600లా మూతలో లైటు ఉన్నది కావాలి. 35 ఎంఎం ఫ్రేము 24 × 36 మిల్లీమీటర్లే. 2,400 డీపీఐతో దాదాపు 77 లక్షల పిక్సెళ్లొస్తాయి, ఇంటి ఆల్బమ్‌కు అది ధారాళం. అట్టపెట్టె మీద వేసే పెద్ద అంకెలకు మోసపోకండి.

పని మొదలుపెట్టే ముందు ఫ్యాను ఆపండి, గాజు తుడవండి, ఫిల్మ్‌ను అంచులతోనే పట్టుకోండి. దుమ్ము మచ్చల్ని ఇన్‌ఫ్రారెడ్‌తో చెరిపే సదుపాయం కలర్ నెగటివ్‌లకు బాగా పనిచేస్తుంది. ఇందు, ఓర్వో లాంటి నలుపు తెలుపు రీళ్లకు మాత్రం దాన్ని ఆపాలి. వాటిలో బొమ్మ వెండితో ఏర్పడింది. వెండి ఆ కిరణాల్ని అడ్డుకుంటుంది గనుక, స్కానర్ బొమ్మనే మచ్చ అనుకొని చెరిపేస్తుంది. కలర్ నెగటివ్‌ నారింజరంగు చూసి పాడైందని కొందరు పక్కన పడేస్తున్నారు. అది తయారీలోనే వేసిన రంగు. వెనిగర్ వాసన వస్తున్న ఫిల్మ్ మాత్రం నిజంగా చెడిపోతోంది, దాన్ని విడిగా పెట్టి ముందు స్కాన్ చేయండి. వానాకాలపు బూజు పట్టిందని నీళ్లతో కడగొద్దు, మెత్తబడిన జెలటిన్‌తో పాటు బొమ్మా పోతుంది.

స్కాన్ అయ్యాక కూడా నెగటివ్‌ను పొడిగా ఉండే బీరువాలో దాచండి. హార్డ్‌డిస్కులు చెడిపోతాయి, కనుక ఫైళ్లు రెండుచోట్ల పెట్టండి. ప్రతి ఫైలుకూ ఊరు, ఏడాది, మనుషుల పేర్లు రాయండి. ఆ పేర్లు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ పనికి కూర్చోండి.