బజారులోని చరిత్ర, బడిలోని వ్యాసము

1857 జులై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వమున రోహిల్లాలు పైబడిన హైదరాబాదు బ్రిటిషు రెసిడెన్సీని, 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమను గ్రంథాలయమును నిత్యము దాటుకొని బడికి పోవు సుల్తాన్ బజారు బాలుడు, పానిపట్టు యుద్ధముల సంవత్సరములను తడుముకొనక యొప్పజెప్పును గాని, 1933లో నిజాము ప్రభుత్వమునకు తిరిగి చేరువరకు ఈ బజారే రెసిడెన్సీ బజారై యుండెనని యెరుగడు. తప్పు వానిది కాదు; చుట్టునున్నదానిని చూడ నేర్పని బోధనది.

ఆవును గూర్చి పది వాక్యములు వల్లెవేయించుటయే వ్యాసరచనయను భ్రమ మన ప్రాథమిక పాఠశాలలను వదలలేదు. ఉపాధ్యాయుడు పిల్లలను ఆ గ్రంథాలయము చెంతకు గొనిపోయి, గోడ రంగెట్టిది, ద్వారమెంత యెత్తు, ఎదుటి బట్టల దుకాణములో బేరమెట్లు సాగుచున్నది యని యడిగి, ‘అందముగా నున్నది’ యను మాటను మాత్రము నిషేధించినచో (ఈ నిషేధము మా పత్రికా రచయితలకును హితమే), చూచినది చూచినట్లు వ్రాయు నేర్పు వారికి దానంతట నదియే యలవడును. ఇంటి వృద్ధులు చెప్పిన ముచ్చటలు దానికి తోడైనచో చరిత్రపాఠమును వేరుగ వెదుకనక్కరలేదు.

విద్యాశాఖవారు ఐదవ తరగతి తెలుగు పాఠమున నెలకొక పూటనైన దీనికై విడువవలెనని కోరుచున్నాము.